కొత్త కంప్యూటరుకు పాత ఫైలే పరీక్ష

చార్మినార్ నుంచి పురానీ హవేలీ వైపు నడిస్తే ఛత్తా బజార్ వస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో పెళ్ళి కుదిరితే రుఖాలు, అంటే శుభలేఖలు, అచ్చు వేయించుకోవడానికి వెళ్ళే వీధి అది. ఒకే కార్డులో ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క ఇంగ్లీషు, పిలిచే బంధువులను బట్టి తెలుగు. ఒక లిపి కుడి నుంచి ఎడమకు పోతుంది, మిగతా రెండూ ఎడమ నుంచి కుడికి వస్తాయి. పెళ్ళికొడుకు పేరులో ఒక్క చుక్క అటుఇటైనా కార్డుల కట్టంతా వృథా. అలాంటి వీధిలో కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళు దాంట్లో మొదట ఏయే సాఫ్ట్‌వేర్లు వేయించాలి? ప్రశ్న అచ్చు పనివాళ్ళదే అయినా జవాబుతో అందరికీ పని ఉంది. పిల్లల చదువుకని లాల్‌దర్వాజాలో కంప్యూటర్ కొన్న ఇంటికీ, లెక్కలు రాసుకోవడానికని బేగంబజార్‌లో కొన్న దుకాణానికీ ఎదురయ్యేది ఇదే. కాకపోతే మూడు లిపులు, తక్కువ పెట్టుబడి, పాత యంత్రాలు, చేతికి అలవాటైపోయిన ప్రోగ్రాములు అన్నీ ఒకేచోట కలిసే ఛత్తా బజార్‌లో అది ఇంకాస్త స్పష్టంగా కనబడుతుంది.

మామూలుగా ఈ ప్రశ్నకు కొన్నవాళ్ళు జవాబు వెతుక్కోరు, అమ్మినవాళ్ళే చెప్పేస్తారు. అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్, ఒక యాంటీవైరస్, వీఎల్‌సీ, విన్‌రార్ వరసగా ఎక్కించి "అన్నీ వేసేశాం" అని అప్పజెప్పడం చాలాచోట్ల ఆనవాయితీ. ఏది ఎందుకు వేశారో, దేనికి డబ్బు కట్టారో, దేనికి కట్టలేదో ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకు తెలియదు. తప్పనిసరి సాఫ్ట్‌వేర్లు పదీ పదిహేనూ అంటూ వచ్చే జాబితాలు కూడా ఇదే దారిలో నడుస్తాయి, ప్రోగ్రాము పేరు దగ్గర మొదలై ప్రోగ్రాము పేరు దగ్గరే ఆగిపోతాయి. మొదలుపెట్టాల్సింది ఫైలు దగ్గర అని నా వాదన. ప్రోగ్రాములు మారతాయి, వాటిని చేసిన కంపెనీలు చేతులు మారతాయి, కంప్యూటర్ కొన్నేళ్ళకు మూలన పడుతుంది. మనం రాసుకున్నదీ లెక్కగట్టుకున్నదీ మాత్రం మిగలాలి. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: దీంట్లో చేసిన పని రేపు ఇది లేకపోయినా తెరుచుకుంటుందా? ఈ ప్రశ్న అడగకుండా ముప్ఫై ఏళ్ళు నడిస్తే ఏమవుతుందో ఉర్దూ అచ్చును చూసీ తెలుసుకోవచ్చు, తెలుగు అచ్చును చూసీ తెలుసుకోవచ్చు.

కాతిబ్ కలం నుంచి కీబోర్డు దాకా

ఉర్దూ పాఠకుడి కంటికి ఇంపైన లిపి నస్తలీఖ్. దాంట్లో అక్షరాలు గీత మీద బారుగా నిలబడవు, ప్రతి పదం కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు జారుతుంది. ఒకే అక్షరం ముందు ఏముందో, వెనక ఏముందో చూసుకుని రూపు మార్చుకుంటుంది. విడివిడి సీసపు అక్షరాలు పేర్చే పద్ధతికి ఈ లిపి సరిగ్గా లొంగలేదు. అందుకే మిగతా భాషల పత్రికలు టైపు మీదికి వెళ్ళిపోయాక కూడా ఉర్దూ పత్రికలు, పుస్తకాలు, రుఖాలు కాతిబ్‌ల, అంటే లేఖకుల, చేతిరాతతోనే వచ్చేవి. వాళ్ళు కలంతో రాసిన ప్రతినే మొదట రాతి అచ్చు మీదికి, తర్వాత ఆఫ్‌సెట్ ప్లేటు మీదికి ఎక్కించేవారు. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీతో కలిసి ఒక ఉపాయం చేశారు. అక్షరాలను కంప్యూటర్ చేత కలిపించడం కష్టం కాబట్టి, కలిసిన రూపాలనే దాదాపు 20 వేలు రాసి యంత్రంలో దాచిపెట్టారు. అదే నూరీ నస్తలీఖ్. ఆ ఏడాదే మొదలైన ఉర్దూ పత్రిక జంగ్ లాహోర్ ఎడిషన్ ఆ అక్షరాలతో వచ్చింది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఇన్‌పేజ్ అదే లిపిని మామూలు పర్సనల్ కంప్యూటర్ మీదికి దింపింది. లక్షల ఖరీదు చేసే యంత్రం చేసే పని చిన్న దుకాణంలోకి వచ్చేసింది. ఛత్తా బజార్‌లో కాతిబ్‌ల సంఖ్య తగ్గుతూ వచ్చింది, వాళ్ళ బల్లల చోట మానిటర్లు వచ్చాయి. ఉర్దూ డీటీపీ అంటే ఇన్‌పేజ్ అనే మాట స్థిరపడింది.

ఇన్‌పేజ్ చేసిన మేలు చిన్నది కాదు. అది లేకపోతే ఉర్దూ అచ్చు ఇంకో పదేళ్ళు వెనకబడి ఉండేది. అయితే అది అక్షరాలను దాచే తీరు దాని సొంతం. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఫైలు ఇన్‌పేజ్‌లోనే తెరుచుకుంటుంది. దాంట్లోంచి మాటలు కాపీ చేసి ఈమెయిల్‌లోనో వర్డ్‌లోనో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతి బాట పట్టింది తర్వాతి వెర్షన్లే, అప్పటికే ఏళ్ళ తరబడి చేసిన పని పాత రూపంలో పేరుకుపోయింది. పైగా దొంగ కాపీలు విరివిగా తిరిగిన సాఫ్ట్‌వేర్ అది, దొంగ కాపీకి సరిదిద్దిన కొత్త వెర్షన్ రాదు. ఎక్కువగా ఉర్దూ వాళ్ళే వాడే ప్రోగ్రాము మీద ఏ హ్యాకర్ కన్ను పడుతుందిలే అనుకోవడానికీ లేదు. 2016 నవంబరులో సైబర్ భద్రత కంపెనీ కాస్పర్‌స్కీ పరిశోధకులు, ఇన్‌పేజ్‌లో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక లోపాన్ని పట్టుకుని ఆసియాలోని ఆర్థిక సంస్థల మీద దాడులు జరిగాయని బయటపెట్టారు. ఇన్‌పేజ్ ఫైలు రూపంలో ఒక పత్రం పంపడం, అవతలివాళ్ళు తెరవగానే కంప్యూటర్‌లోకి దూరడం, ఇదీ పద్ధతి. ఒక ప్రాంతం, ఒక భాష జనం అంతా ఒకే పాత ప్రోగ్రామును పట్టుకుని ఉండటమే దాడి చేసేవాళ్ళకు కలిసొచ్చింది.

తెలుగు అక్షరం వెనక ఇంగ్లీషు అక్షరం

ఇదంతా ఉర్దూ గోల అనుకోనక్కర్లేదు. తెలుగు డీటీపీ సెంటర్లలో చాలాకాలం రాజ్యమేలినవి అను ఫాంట్లు, పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని చేసిన అడోబీ కంపెనీ అప్పటికే ఇన్‌డిజైన్ వైపు మళ్ళింది. అయినా తెలుగు అచ్చులో పేజ్‌మేకర్ 7 ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది. దానికి యూనికోడ్ తెలియదు. అను లాంటి ఫాంట్లు దాంట్లో పనిచేసే కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టడం. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో, ఒత్తు మరో గదిలో ఉంటాయి. తెర మీద కనిపించేది అచ్చతెలుగే, ఫైలు లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ముసుగు జారిపోతుంది. ఆ ఫైల్లో "పెళ్ళి" అన్న మాట వెతికితే దొరకదు, ఎందుకంటే లోపల ఆ మాట లేదు.

యూనికోడ్ ఈ చిక్కు విప్పడానికే వచ్చింది. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉండాలనేది దాని సూత్రం. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. అప్పటి నుంచి "అ" అంటే 0సి05, ఏ దేశంలో, ఏ కంపెనీ యంత్రంలో తెరిచినా అంతే. ఫాంటు దాని తొడుగు మాత్రమే. తొడుగు మార్చినా లోపలి అక్షరం మారదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలు కాగలిగిందన్నా, ఇవాళ ఫోన్‌లో తెలుగు వార్త వెతికితే దొరుకుతోందన్నా, చూపు లేనివాళ్ళకు కంప్యూటర్ తెలుగు చదివి వినిపిస్తోందన్నా కారణం ఇదే. అదే సమయంలో పాత ఫాంట్లలో అచ్చయిన వేల పుస్తకాలను ఈ-బుక్కులుగా తేవాలంటే ముందు మార్పిడి ప్రోగ్రాముల గుండా పంపాలి, ఆ పైన ప్రతి పేజీ ప్రూఫు మళ్ళీ దిద్దాలి. ఒకసారి చేసిన కంపోజింగ్‌కు రెండోసారి కూలి కట్టడమే ఇది. మొదట్లో ఎవరూ అడగని ప్రశ్నకు ఇప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తున్నాం.

అచ్చు పనివాళ్ళ నుంచి దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. "మా పని కాగితం మీద పడేదాకానే. అను ఫాంట్లలో ఉన్నన్ని సోకులు యూనికోడ్ ఫాంట్లలో ఎక్కడున్నాయి? చేతికి అలవాటైన కీబోర్డు వదిలి కొత్తది నేర్చుకుంటే రోజుకు నాలుగు పేజీలు తగ్గుతాయి" అంటారు. ఒకప్పుడైతే ఈ మాటకు జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ఇన్‌డిజైన్ 2012లో వచ్చిన సీఎస్6 నుంచి తెలుగు యూనికోడ్‌ను సరిగా అమర్చగలుగుతోంది. మండలి, మల్లన్న, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఉర్దూకు గూగుల్ వారి నోటో నస్తలీఖ్ ఉంది, జమీల్ నూరీ నస్తలీఖ్ పేరుతో యూనికోడ్ రూపం ఉంది. తెలుగు టైపుకు విండోస్ 10లోనే 2019 మే నుంచి, ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు కీల మీద కొట్టే ఫొనెటిక్ కీబోర్డు వస్తోంది. విడిగా ఏదీ కొననక్కర్లేదు, భాషల సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకుంటే చాలు. ఇక చేతి అలవాటు మాటకొస్తే, అను ఫాంటు సొగసే కావాలనుకునే చోట కూడా ఒక మధ్యేమార్గం ఉంది. మాటలను ముందు యూనికోడ్‌లో కొట్టి మూలప్రతిగా దాచి, అచ్చుకు పంపే ప్రతిని మాత్రం పాత ఫాంటులోకి మార్చుకోవచ్చు. సోకు కార్డుకు, మూలం మనకు.

దొంగ కాపీ అసలు ఖరీదు

ఫైలు మనకు మిగలాలంటే అది ఉన్న ఇల్లు పదిలంగా ఉండాలి. అందుకే మొదటి ప్రశ్నకు తోకగా రెండోది వస్తుంది: ఈ సాఫ్ట్‌వేర్‌లో కన్నం పడితే పూడ్చేవాళ్ళు ఎవరు? 2017 మేలో వానాక్రై అనే ప్రోగ్రాము ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. గుర్తు పెట్టుకోవాల్సిన సంగతేమిటంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లు బయటపడ్డాయి, వేసుకోనివి చిక్కాయి. ఇప్పుడు అదే ప్రశ్న విండోస్ 10 వాడేవాళ్ళ ముందుంది. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్తగా కంప్యూటర్ కొంటూ దాంట్లో విండోస్ 10 వేయించుకోవడమంటే తాళం లేని ఇల్లు అద్దెకు తీసుకోవడమే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు కావాలి, పాత మదర్‌బోర్డుల్లో అది ఉండకపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవాళ్ళు డబ్బు ఇచ్చే ముందే చూసుకోవాల్సిన విషయమిది.

దొంగ కాపీల సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల కూటమి బీఎస్ఏ 2018లో ఇచ్చిన అంచనా ప్రకారం, అంతకు ముందు ఏడాది మన దేశంలో కంప్యూటర్లలో వేసిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిది. అమ్ముకునేవాళ్ళ లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా, సగానికి అటూఇటూగా అలాంటిదే వాడుతున్నామన్న మాట. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ దీన్ని నేరమనే అంటుంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా వాడిన సందర్భంలో జైలు తప్పించే వెసులుబాటు కోర్టుకు ఉంది. అయితే జనాన్ని ఆలోచింపజేయాల్సింది చట్టం కంటే పనితీరు. దొంగ కాపీకి లైసెన్సు తాళం తీసే క్రాక్ అనే ప్రోగ్రాము, నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమని చాలాసార్లు అడుగుతుంది. ఎవరు చేశారో తెలియని ప్రోగ్రాముకు తలుపు తీసి, కాపలావాణ్ణి మనమే బయటికి పంపుతున్నాం. స్టాప్ అనే తాళాలు వేసే వైరస్ ఇళ్ళలోని కంప్యూటర్లకు ఎక్కువగా పాకింది ఇలాంటి క్రాకుల ద్వారానే. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఇరవై ఏళ్ళ రుఖాల డిజైన్లు, గిరాకీల వివరాలు, పిల్లల ఫొటోలు ఒక్క రాత్రిలో తాళం పడితే, ఉచితంగా వచ్చిందనుకున్న ప్రోగ్రాము ఖరీదు అప్పుడు తెలుస్తుంది.

"అసలువి కొనే స్తోమతే ఉంటే ఈ బాధ ఎందుకు" అన్నది రెండో అభ్యంతరం. నిజమే, ఫొటోషాప్, కోరల్‌డ్రా, ఇన్‌డిజైన్, ఆఫీస్ నాలుగూ లైసెన్సుతో కొనాలంటే చిన్న దుకాణానికి భారమే. కానీ నాలుగూ కొనాలని ఎవరన్నారు? చాలా పనులకు దారి చూపించేవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, వాటి కోడు బహిరంగంగా ఉంటుంది, కాపీకి డబ్బు అడగవు. కేంద్ర ప్రభుత్వం 2015లో తన కార్యాలయాలకు ఓపెన్ సోర్స్ విధానమే ప్రకటించింది. విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. హైదరాబాద్ నుంచే పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్‌ను తీసుకొచ్చింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే. అయితే వీటిని మంత్రదండంలా చూపించడం కూడా సరికాదు. గిరాకీ పెన్‌డ్రైవ్‌లో కోరల్‌డ్రా ఫైలు తెస్తే దాన్ని ఉచిత ప్రోగ్రాము ఇంక్‌స్కేప్‌లో తెరిచి అంతా బాగానే వస్తుందని భరోసా ఇవ్వలేం. అచ్చు రంగుల విషయంలో పనివాళ్ళ అనుమానాలు కొన్ని నిజమే. అందుకని ఏది కూడు పెడుతుందో దాన్ని ఒక్కదాన్ని కొనాలి, మిగతావి ఉచితంగా తెచ్చుకోవాలి. కార్డులు చేసే దుకాణానికి ఆ ఒక్కటి కోరల్‌డ్రా కావచ్చు, ఉర్దూ ఎక్కువగా చేసేవాళ్ళకు కొత్త ఇన్‌పేజ్ కావచ్చు, ఫొటో స్టూడియోకు ఫొటోషాప్ కావచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలకు మాత్రం ఏదీ కొనాల్సిన పని లేదు.

మరి ఏం వేయాలి?

ఇప్పుడు జాబితా దగ్గరికి వద్దాం, అది పొట్టిగానే ఉంటుంది. అప్‌డేట్లు వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటిది, అసలు విండోస్ 11 అయినా సరే, లినక్స్ అయినా సరే. దాంట్లో తెలుగు, ఉర్దూ, ఏ భాష కావాలో ఆ కీబోర్డు అప్పుడే ఆన్ చేయించుకోవాలి. బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఏదైనా ఒకటి. రాతకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్. 2010లో మొదలైన ఈ ప్రోగ్రాముకు తెలుగు మెనూలూ ఉన్నాయి. అది దాచే ఓడీఎఫ్ రూపం 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది, అంటే ఆ ఫైలు ఎలా కట్టారో ఎవరైనా చదివి తెరిచే ప్రోగ్రాము రాయవచ్చు. పాత పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్ళను కూడా అది కొంతమేర తెరుస్తుంది, కానీ లోపల అను ఫాంటు ఉంటే ఆ ఫాంటు లేనిచోట మళ్ళీ అదే ఇంగ్లీషు గందరగోళం. పేజీలు కట్టడానికి స్క్రైబస్, బొమ్మలకు గింప్, గీతల డిజైన్‌కు ఇంక్‌స్కేప్. సినిమాలకు వీఎల్‌సీ, ఫైళ్ళు కుదించడానికి సెవెన్‌జిప్. చదవడానికీ పంపడానికీ పీడీఎఫ్, అది కూడా 2008 నుంచి బహిరంగ ప్రమాణమే. అయితే పీడీఎఫ్ పంపితే సరిపోతుందని మూలప్రతిని పారేయకూడదు. పీడీఎఫ్ అచ్చయిన కాగితం లాంటిది, అందులో పేరు మార్చాలంటే మళ్ళీ మూలం కావాల్సిందే.

యాంటీవైరస్ విషయంలో భయం అమ్ముడుపోయినంతగా సరుకు అక్కర్లేదు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లో భాగంగానే ఉంటోంది. అప్‌డేట్లు నడిచే కంప్యూటర్‌లో, క్రాకులు వేయని ఇంట్లో, అది సామాన్యులకు చాలు. ఒకేసారి రెండు మూడు యాంటీవైరస్‌లు వేస్తే కంప్యూటర్ నెమ్మదించడం తప్ప లాభం తక్కువ. అనుమానం వచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే శుభ్రం చేసే పనిముట్లు వాడవచ్చు. దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రాములను మాత్రం "ఎప్పుడైనా పనికొస్తుంది" అని వేసి ఉంచకూడదు. అది మంచి పనిముట్టే, కానీ ఫోన్ చేసి మాటల్లో పెట్టేవాళ్ళు దాన్నే ఆయుధం చేసుకున్నారు. దాని గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. రిపేరు అవసరమైనప్పుడు తెలిసినవాళ్ళ కోసం వేసి, పని అవగానే తీసేయాలి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

జాబితాల్లో అన్నిటికంటే చివర రాసేదీ, ఒక్కోసారి రాయనే రాయనిదీ బ్యాకప్. నా లెక్కలో అది మొదటి మూడింట్లో ఉండాలి. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీలో హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి మరచిపోయేది కాదు. కింది అంతస్తులో బల్ల కింద పెట్టిన సీపీయూకు వైరస్ అక్కర్లేదు, మోకాలిలోతు నీరు చాలు. అందుకని ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒక ప్రతి విడిగా తీసిపెట్టే హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి ఆ ఇంటికి దూరంగా, బంధువుల ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. హార్డ్‌డిస్క్‌ను పని అయ్యాక కంప్యూటర్ నుంచి విడదీయడమూ ముఖ్యం. తగిలించి ఉంచితే తాళాలు వేసే వైరస్ దానికీ తాళం వేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని చెప్పే సామెతకు ఇంతకంటే సూటి అన్వయం కంప్యూటర్లలో దొరకదు.

మూడో అభ్యంతరం ఈ కాలం పిల్లలది. "ఇప్పుడంతా వెబ్‌లోనే కదా. గూగుల్ డాక్స్‌లో రాస్తాం, కాన్వాలో కార్డు చేస్తాం, ఫోన్‌లోనే అయిపోతుంది. ఇంక వేయడానికి సాఫ్ట్‌వేర్ ఏముంది?" ఇందులో సగం నిజముంది. ఎక్కడినుంచైనా తెరుచుకోవడం, నలుగురూ ఒకేసారి దిద్దగలగడం చిన్న సౌకర్యాలు కావు, వాడుకోవాల్సిందే. కానీ మొదటి ప్రశ్న దీంతో తప్పిపోదు, ఇంకా పదునెక్కుతుంది. ఇన్‌పేజ్ కాపీ కనీసం మన బల్ల మీద ఉండేది. వెబ్ సేవ తలుపు ఎప్పుడు మూస్తారో, ధర ఎప్పుడు పెంచుతారో, ఖాతా ఎప్పుడు ఆపేస్తారో మన చేతిలో లేదు. అందుకే అక్కడ చేసినదాన్ని మామూలు ఫైలుగా దించుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. గూగుల్ తన సేవల్లోని సమాచారాన్ని మొత్తంగా దించుకోవడానికి టేకౌట్ అనే సదుపాయాన్ని 2011 నుంచి ఇస్తోంది, దాన్ని వాడేవాళ్ళు తక్కువ. ఏడాదికొకసారి రంజాన్‌కో ఉగాదికో ఇల్లు దులిపినట్టు ఆ పని పెట్టుకోవచ్చు.

ఈ వాదనంతా ఒక చిన్న పరీక్షగా మార్చుకోవచ్చు. కొత్త కంప్యూటర్‌కు డబ్బు చెల్లించే ముందు పెన్‌డ్రైవ్‌లో పాత ఫైళ్ళు నాలుగు పట్టుకెళ్ళండి. అవి తెరుచుకుంటాయో లేదో చూడండి. తర్వాత అక్కడే ఒకే పేజీలో ఒక పేరును తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో కొట్టి, దాచి, ఆ ఫైలును మీ ఫోన్‌కు పంపండి. ఫోన్‌లో మూడు పేర్లూ చదవగలిగి, వెతికితే దొరికితే, ఆ కంప్యూటర్‌లో అవసరమైనవి చాలావరకు వచ్చేసినట్టే, లేని హంగులు తర్వాత చూసుకోవచ్చు. డబ్బాలుగానో గజిబిజిగానో కనిపిస్తే ఎన్ని సాఫ్ట్‌వేర్లు ఎక్కించినా అది మీ కంప్యూటర్ ఇంకా కాలేదు. పాతబస్తీ ఇళ్ళలో బీరువా అడుగున తాతల పెళ్ళి రుఖా దొరికితే, కాగితం పసుపెక్కినా కాతిబ్ రాసిన ప్రతి అక్షరాన్నీ మనవరాలు చదవగలదు. అదే ఇంట్లో 1998లో జరిగిన పెళ్ళి కార్డు కాగితం మీద ఉంటే ఉంది. దాన్ని అచ్చు వేసిన ఫైలు దొరికినా, తెరిచే ప్రోగ్రాము కోసం ఊరంతా తిరగాలి. ఇవాళ కొట్టే పేర్లకు ఆ గతి పట్టకుండా చూసుకోవడం దుకాణంలో పావుగంట పని.